కొన్నా కట్టక తప్పదు: ఒక చాట్ ప్రొడక్ట్ కేస్ స్టడీ

కొత్త ప్రొడక్ట్ కావాల్సివచ్చినప్పుడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కట్టుకోవాలా, కట్టినవాళ్లను కొనుక్కోవాలా? చెన్నైలో ఈ రెండు దారులూ ఒకే ఊళ్లో కనిపిస్తాయి. జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద గూడువాంచేరి వైపున్న జోహో 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైంది. వెంచర్ పెట్టుబడి జోలికి పోలేదు, దాదాపు అన్ని ప్రొడక్టులూ సొంతంగానే కట్టుకుంది. అదే జోహోలో పనిచేసి బయటికొచ్చిన గిరీశ్ మాతృభూతం 2010లో షాన్ కృష్ణసామితో కలిసి ఫ్రెష్‌డెస్క్ అనే కస్టమర్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టారు. 2017లో ఫ్రెష్‌వర్క్స్‌గా పేరు మారిన ఆ కంపెనీ 2015 నుంచి వరసగా చిన్న కంపెనీలను కొంటూ వచ్చింది. 2015 డిసెంబరులో కొన్న కోనోటార్ కూడా చెన్నైదే. మొబైల్ యాప్ లోపల మెసేజింగ్ దాని పని. అది 2016లో హాట్‌లైన్ అయింది, 2017లో ఫ్రెష్‌చాట్ అయింది.

కొన్నాక కూడా ఇంత కాలం ఎందుకు పడుతుంది, ఆ కాలంలో చేసే పని ఏమిటి, దాని ఖర్చు మొదటి రోజు లెక్కలోకి ఎందుకు రాదు అన్నవి చూడటానికి ఒక నమూనా కేసు తీసుకున్నాం. కేసులోని కంపెనీ కల్పితం, అంకెలు లెక్క నడపడానికి మేం వేసుకున్నవి. చట్టాలు, బయటి కంపెనీల సంగతులు మాత్రం నిజమైనవి.

కేసు

చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద పెరుంగుడిలో ఆఫీసు ఉన్న హెల్ప్‌డెస్క్ కంపెనీ. 600 మంది సిబ్బంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, శుక్రవారం సాయంత్రం నాలుగు తర్వాత మీటింగ్ పెడితే సగం మంది బస్సులో ఉంటారు. వీళ్ల ప్రొడక్ట్ మెయిల్ మీద వచ్చే ఫిర్యాదులను టికెట్లుగా మార్చి ఏజెంట్లకు పంచుతుంది. కస్టమర్లు ఇప్పుడు యాప్‌లోనే చాట్ కావాలంటున్నారు. బెంగళూరు కోరమంగళలో 22 మంది స్టార్టప్ ఒకటి అదే పని చేస్తోంది, అమ్మడానికి సిద్ధంగా ఉంది.

ముందు కట్టే దారి. ప్లాన్‌లో 14 మంది, 18 నెలలు అని ఉంది. మనిషికి అన్ని ఖర్చులూ కలిపి నెలకు 2.5 లక్షలు వేస్తే 6.3 కోట్లు. ఆ 18 నెలలు ఫీచర్లకు వేసిన అంచనా. ఐఓఎస్, ఆండ్రాయిడ్ రెండింటికీ ఎస్‌డీకే (కస్టమర్ తన యాప్‌లో కలుపుకునే మన కోడ్), పాత కస్టమర్ల డేటా, బిల్లింగ్, సెక్యూరిటీ టెస్టింగ్, డాక్యుమెంట్లు అందులో ఉండవు. అందుకే మొదటి రోజే 27 నెలలు వేసుకోవాలి, అప్పుడు 9.45 కోట్లు. క్లౌడ్‌కూ బయటివాళ్ల సెక్యూరిటీ తనిఖీకీ 70 లక్షలు కలిపితే 10.15 కోట్లు.

కొనే దారి. స్టార్టప్‌కు ఏడాదికి 4 కోట్ల సబ్‌స్క్రిప్షన్ ఆదాయం ఉంది, అడిగింది దానికి ఆరు రెట్లు, అంటే 24 కోట్లు. లాయర్లు, ఆడిటర్లు, కోడ్ తనిఖీకి 60 లక్షలు. మన వ్యవస్థతో కలపడానికి మన వైపు నుంచి 10 మంది 14 నెలలు పనిచేయాలి, 3.5 కోట్లు. వచ్చిన 22 మంది ఖర్చు 27 నెలలకు 14.85 కోట్లు, అందులో వాళ్ల ఆదాయం 9 కోట్లు పోను 5.85 కోట్లు. మొత్తం 33.95 కోట్లు. బోర్డు ముందుకొచ్చే మొదటి స్లైడ్‌లో సాధారణంగా 24 ఒక్కటే ఉంటుంది.

తేడా 23.8 కోట్లు. ఆ డబ్బుతో కొంటున్నది కోడ్ కాదు, సమయం. స్టార్టప్‌ను కొంటే ఒకే లాగిన్ పెట్టి మూడో నెల నుంచే జంటగా అమ్మొచ్చు. కడితే 27వ నెల దాకా ఆగాలి. మధ్యలో 24 నెలలు. చాట్ లేక నెలకు 40 ఒప్పందాలు పోతున్నాయని సేల్స్ లెక్క, ఒక్కోటి ఏడాదికి 1.5 లక్షలు. అంటే నెలకు 60 లక్షల కొత్త వార్షిక ఆదాయం, 24 నెలలకు 14.4 కోట్లు. సర్వర్లు, సపోర్ట్ ఖర్చు పోను 75 శాతం మిగిలితే ఏడాదికి 10.8 కోట్లు. అదనంగా పెట్టిన 23.8 కోట్లు రెండేళ్ల చిల్లరలో తిరిగొస్తాయి. మధ్యలో వచ్చే డబ్బు, వదిలిపోయే కస్టమర్లు ఈ లెక్కలో కలపలేదు, ఆ రెండూ ఒకదాన్నొకటి కొంత సరిచేసుకుంటాయి. ఇలా చూస్తే కొనడమే మేలనిపిస్తుంది.

నలభై ఎక్కడ పుట్టింది

ఇలాంటి మీటింగ్‌లో కాస్త వయసు మళ్లిన ఫైనాన్స్ మనిషి ఒకరు ఉంటే మంచిది. నెల్లూరాయన అయితే మాట ఇలా నడుస్తుంది.

"ఏమబ్బా, నలభై అంటుండావు. ఒక్కరికన్నా ఫోన్ చేసి అడిగినావా?"

"సీఆర్ఎంలో అదే ఉంది సార్."

"అది మనోళ్లు నొక్కిన కారణం. కస్టమర్ చెప్పిందేంది?"

సీఆర్ఎం అంటే సేల్స్‌వాళ్లు కస్టమర్ల సంగతులు రాసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఒప్పందం పోయిందని నమోదు చేసేటప్పుడు ఒక జాబితాలోంచి కారణం ఎంచుకోవాలి. 'ధర ఎక్కువ' నొక్కితే మేనేజర్‌కు సంజాయిషీ రాయాలి. 'ఫీచర్ లేదు: చాట్' నొక్కితే ఇంకేం రాయక్కర్లేదు, అక్కడితో పని అయిపోతుంది. నెలాఖరు రాత్రి పది గంటలకు కుర్రాడు ఏది నొక్కుతాడో చెప్పక్కర్లేదు.

40 మందికీ ఫోన్లు చేయడానికి ఇద్దరికి రెండు వారాలు పట్టింది. చేసింది సేల్స్‌వాళ్లు కాదు, సపోర్ట్‌వాళ్లు. సేల్స్‌వాళ్లు చేస్తే కస్టమర్ మళ్లీ బేరం మొదలైందనుకుని ధర గురించే మాట్లాడతాడు. 'చాట్ ఉంటే కొనేవారా?' అని అడగకూడదు, అలా అడిగితే అందరూ ఔననే అంటారు. 'చివరికి ఏం కొన్నారు, దాన్ని ఎందుకు ఎంచుకున్నారు?' అని అడిగి ఊరుకోవాలి. 11 మంది చాట్ అన్నారు. 17 మందిది ధర. 8 మంది అసలు ఏమీ కొనలేదు. నలుగురు ఫోన్ ఎత్తలేదు.

11తో లెక్క మళ్లీ కడితే ఏడాదికి మిగిలేది 2.97 కోట్లు, 23.8 కోట్లు రావడానికి ఎనిమిదేళ్లు. ఎత్తని నలుగురినీ మనవైపే వేసుకున్నా ఆరేళ్లు. చాట్ ప్రొడక్ట్ ఆరేళ్లలో ఎన్ని రూపాలు మారుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక డ్రాప్‌డౌన్ ఆధారంగా 24 కోట్ల చెక్కు రాయబోయారన్నమాట.

కొన్నాక మిగిలే పని

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. కంపెనీ కొనడంలో రెండూ ఉన్నాయి. 14 నెలలు, 10 మంది అన్నది ఎక్కడికి పోతుందో కాస్త వివరంగా చూడాలి, ఎక్కువ ఒప్పందాలు దెబ్బతినేది ఇక్కడే.

మొదటిది, కస్టమర్ ఎవరన్న ప్రశ్న. హెల్ప్‌డెస్క్‌కు మనిషి గుర్తు మెయిల్. మొబైల్ చాట్‌కు గుర్తు ఫోన్ నంబరు, లేదా యాప్ ఇచ్చే ఒక ఐడీ. ఒకే మనిషి రెండు చోట్లా ఉంటే రెండు రికార్డులు. కలపాలి. తప్పుగా కలిపితే ఒకరి సంభాషణ ఇంకొకరి తెరమీద కనిపిస్తుంది, అది చూసిన కళ్లు వెనక్కి రావు. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ నంబరు ఇస్తారు. కంపెనీల్లో పదిమంది కలిసి ఇన్ఫో, సపోర్ట్ లాంటి ఉమ్మడి మెయిల్ వాడతారు. కాబట్టి నాలుగు వారాలు ప్రోగ్రామ్ జతలను చూపించడమే తప్ప కలపకూడదు. అందులోంచి 200 జతలు చేత్తో చూడాలి. తర్వాత ఓటీపీతో రుజువైన మెయిల్ అచ్చంగా ఒకటైతేనే కలపాలి, ఫోన్ నంబరు ఒక్కటే ఆధారమైతే కలపొద్దు. కలిపినా పాత రెండు ఐడీలూ అలాగే ఉంచాలి, విడదీసే బటన్ మొదటి రోజే ఉండాలి. తర్వాత పెడదామనుకున్న బటన్ ఎప్పటికీ రాదు.

రెండోది ఎస్‌డీకే. ఇది మొబైల్ ప్రొడక్టులు కొనేవాళ్లు తరచూ మరిచే విషయం. స్టార్టప్ కోడ్ ఉండేది మన సర్వర్లలో కాదు, కస్టమర్ల యాప్‌లలో. అందులో పాత డొమైన్ పేరు నేరుగా రాసి ఉంటుంది. కస్టమర్ కొత్త వెర్షన్ విడుదల చేయాలి, వాళ్ల వినియోగదారులు దాన్ని అప్‌డేట్ చేసుకోవాలి. అంతవరకూ పాత డొమైన్, పాత ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి), సర్టిఫికెట్ బతికే ఉండాలి, అది ఏళ్ల పని. ఆ డొమైన్ ఎవరి పేర ఉందో చూడండి. తరచూ ఫౌండర్ సొంత మెయిల్‌తో, ఆయన క్రెడిట్ కార్డు మీద ఆటో రెన్యూవల్‌లో ఉంటుంది. యాపిల్ డెవలపర్ ఖాతా, ఫోన్‌కు నోటిఫికేషన్లు పంపే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లోని ప్రాజెక్టు కూడా అంతే. డబ్బు చేతులు మారేముందే ఈ మూడింటి బదిలీ రాతపూర్వకంగా జరగాలి. కార్డు గడువు తీరి డొమైన్ రెన్యూవల్ కాకపోతే చాట్ ఆగిపోతుంది, ఆ నిందను మోసేది కొన్న కంపెనీ.

మూడోది బిల్లు. హెల్ప్‌డెస్క్ ఏజెంటుకు ఇంత అని తీసుకుంటుంది, చాట్ నెలలో వాడిన వినియోగదారుల సంఖ్యను బట్టి తీసుకుంటుంది. రెండింటినీ ఒకే ప్లాన్‌లో పెడితే కొందరికి బిల్లు పెరుగుతుంది, ఆ కొందరు పెద్ద కస్టమర్లే అయి ఉంటారు. 12 నెలలు పాత ధర కదపకపోవడం మంచిది. ఇంకో సంగతి, ఇన్వాయిస్ మీద కంపెనీ పేరు, జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు నంబరు) మారితే పెద్ద కస్టమర్ల కొనుగోలు విభాగం మనల్ని కొత్త వెండర్‌గా నమోదు చేసుకోవాలి. అది తేలేదాకా చెల్లింపు ఆగుతుంది. ప్రొడక్ట్ బాగానే పనిచేస్తున్నా మొదటి త్రైమాసికంలో వసూళ్లు పడిపోయాయంటే ముందు ఇక్కడ వెతకాలి.

మనుషుల సంగతి. కోరమంగళ వాళ్లు పెరుంగుడికి రారు, ఆ ఆశ పెట్టుకోవద్దు. 24 కోట్లలో 16 ముందు, 8 మూడేళ్లలో ఉన్నవాళ్లకే అని పెడతారు. ఆ 8 మొత్తం ఫౌండర్లకే వెళ్తే, చాట్ సర్వర్ రాసిన ఇద్దరు ఇంజనీర్లు ఆరో నెలలో వెళ్లిపోతారు. ఆ ఇద్దరి పేర్లు ధర మాట్లాడేముందే తెలియాలి. గ్రాట్యుటీకి లెక్కలోకొచ్చే పాత సర్వీసు కొనసాగుతుందని ఆఫర్ లెటర్‌లోనే రాయాలి. చిన్న వాక్యమే, లేకపోతే మాత్రం పుకార్లకు అంతుండదు.

కాగితాలు

కోడ్ తనిఖీ అనగానే క్వాలిటీ చూస్తారు. ముందు చూడాల్సింది కోడ్ ఎవరిదన్నది. కోడ్‌లో ఎవరు ఏం మార్చారో నమోదయ్యే గిట్ చరిత్రలోని పేర్లన్నీ తీసి, జీతాల జాబితాతో పక్కపక్కన పెట్టండి. జాబితాలో లేని పేరు ప్రతిదానికీ ఒక కాగితం కావాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ఫ్రీలాన్సర్ రాసింది అలా రాదు, రాతపూర్వకంగా బదలాయించాలి. అక్కడా మెలిక ఉంది. సెక్షన్ 19 ప్రకారం బదలాయింపు పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టుగా లెక్క. ఆరేళ్ల కిందట ఒక ఫ్రీలాన్సర్ రాసిన మెసేజ్ క్యూ మీద అమెరికా కస్టమర్లు నడుస్తుంటే, ఆ ఫ్రీలాన్సర్‌ను వెతికి కొత్త సంతకం తీసుకోవాలి. ధర బయటికి పొక్కకముందే తీసుకోవాలి, పొక్కితే సంతకానికీ ధర పలుకుతుంది.

లైసెన్సుల స్కాన్ కూడా అప్పుడే చేయాలి. ఏజీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామ్‌ను మార్చి సర్వర్‌లో వాడుతుంటే, మార్చిన ఆ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ వినియోగదారులకు ఇవ్వాల్సిన బాధ్యత వస్తుంది. తీసేసి మళ్లీ రాయడానికి పట్టే నెలలు ధరలోంచి తగ్గించాలి.

పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు విషయంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 గుర్తుంచుకోవాలి. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దన్న షరతు మన దేశంలో చెల్లదు. వ్యాపారం గుడ్‌విల్‌తో (దానికున్న మంచి పేరుతో) సహా అమ్మినవాడి మీద, న్యాయమైన హద్దుల్లో, అదే షరతు చెల్లుతుంది. అందుకే దాన్ని ఫౌండర్ ఆఫర్ లెటర్‌లో కాదు, అమ్మకం ఒప్పందంలో పెట్టాలి.

పోటీ కమిషన్ అనుమతి ఈ సైజు ఒప్పందానికి మామూలుగా అడ్డురాదు. 2024 సెప్టెంబరు 10 నుంచి 2,000 కోట్లు దాటిన ఒప్పందాలకు, కొనబడే కంపెనీకి ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే, విలువను బట్టి కూడా అనుమతి కావాలి. పెద్దవాళ్లకు ఇది ఎంత ఖరీదో అడోబీ చూపించింది. 2022లో 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మాను కొంటామని ప్రకటించి, యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు ఒప్పుకోక 2023 డిసెంబరులో విరమించుకుని, 100 కోట్ల డాలర్లు రద్దు రుసుముగా కట్టింది.

ఖాతాల పుస్తకం కొనడం వైపు కాస్త మొగ్గుతుంది. కట్టే ఖర్చులో పరిశోధన దశదంతా ఈ ఏడాది లాభంలోంచే పోతుంది. అభివృద్ధి ఖర్చును ఆస్తిగా చూపాలంటే కంటికి కనిపించని ఆస్తుల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 షరతులన్నీ తీరాలి. కొన్నది మాత్రం ఆస్తిగా, ఆస్తుల విలువకు మించి కట్టింది గుడ్‌విల్‌గా కూర్చుంటుంది, ఆ గుడ్‌విల్‌ను ఏటా అరగదీయక్కర్లేదు. విలువ పడిపోయిందని తేలిన రోజు ఒక్కసారిగా కొట్టేయాలి. 2011లో ఆటానమీని సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్న హెచ్‌పీ, మరుసటి ఏడాదే 880 కోట్ల డాలర్లు కొట్టేసింది. పన్నులో లాభమైనా ఉంటుందా అంటే, 2021 ఆర్థిక చట్టం తర్వాత గుడ్‌విల్ మీద తరుగుదల లేదు.

కడితే ఎక్కడ ఆగుతుంది

చాట్ డెమో రెండు వారాల పని. అదే మోసం. పది వేల కనెక్షన్లు తెరిచి ఉన్నప్పుడు కొత్త వెర్షన్ సర్వర్‌లో పెడితే, అన్నీ ఒక్కసారి తెగి ఒక్కసారే తిరిగొచ్చి లాగిన్ సర్వర్‌ను పడగొడతాయి. తిరిగి కలిసే సమయాన్ని ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా, 1 నుంచి 30 సెకన్ల మధ్య చెదరగొట్టాలి. సర్వర్లకు పని పంచే లోడ్ బ్యాలన్సర్ ఖాళీ కనెక్షన్‌ను తుంచేస్తుంది. అమెజాన్ లోడ్ బ్యాలన్సర్ ఏఎల్‌బీలో మామూలు గడువు 60 సెకన్లు, కాబట్టి 25 సెకన్లకోసారి పలకరింపు పంపాలి. నెట్ సరిగా లేనిచోట ఫోన్ ఒకే మెసేజ్ రెండుసార్లు పంపుతుంది. ఐడీని ఫోన్ దగ్గరే పుట్టించి, సర్వర్ దాన్నిబట్టి రెండోదాన్ని వదిలేయాలి. ఇవన్నీ ఇప్పుడు పుస్తకాల్లో ఉన్న విషయాలే, 27 నెలల్లో అసలు భారం ఇవి కావు.

భారం మనుషులది. ప్లాన్‌లో ఉన్న 14 మందిలో మంచి ముగ్గురిని పాత ప్రొడక్ట్ వదలదు. పెద్ద కస్టమర్ టికెట్ రాగానే వెనక్కి లాగుతారు. ఆదాయం తెచ్చేది అదే కదా అన్న వాదనకు జవాబు ఉండదు. జోహో ఈ చిక్కును చాలా ముందే వేరే దారిలో చూసుకుంది. డిగ్రీ చూడకుండా ఇంటర్, డిప్లొమా స్థాయి పిల్లలను తీసుకుని సొంత స్కూల్‌లో శిక్షణ ఇచ్చింది, పని తెన్‌కాశి లాంటి చోట్లకూ విస్తరించింది. మనుషులు దొరుకుతారు, లాగిన్, బిల్లింగ్, డేటాబేస్ లాంటి అడుగు పొరలు ఉమ్మడిగా ఉంటాయి. అన్ని యాప్‌లనూ కలిపి ఒకే చందాకు ఇచ్చే జోహో వన్ 2017లో రాగలిగిందంటే ఆ అడుగు పొర వల్లే అని మా అంచనా. అది లేని కంపెనీ 'జోహో కట్టింది కాబట్టి మనమూ కడదాం' అనడం కుదరదు.

కొన్నది, కట్టింది రెండూ ఒకే ఇంట్లో కొట్టుకోవడమూ ఉంది. మైక్రోసాఫ్ట్ 2011లో స్కైప్‌ను 850 కోట్ల డాలర్లకు కొంది. 2017లో సొంతంగా కట్టిన టీమ్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2025 మేలో స్కైప్‌ను మూసేసింది.

తేల్చింది

ఈ కేసులో కంపెనీ అప్పటికి కొనలేదు, మొత్తంగా కట్టనూ లేదు. వెబ్‌సైట్ మీద పనిచేసే చాట్ మాత్రం నలుగురితో 12 వారాల్లో కట్టుకోవాలని తేల్చుకుంది, మనుషుల ఖర్చు దాదాపు 28 లక్షలు. మొబైల్ జోలికి పోకూడదు. మొబైల్ అడిగిన కస్టమర్‌కు కోరమంగళ స్టార్టప్‌నే జతచేసి అమ్మాలి, వచ్చినదాంట్లో వాటా పంచుకోవాలి. జతచేసిన పనిలోనే మెయిల్‌నూ ఫోన్ నంబరునూ కలిపే ప్రోగ్రామ్ నడిపి చూడాలి. రేపు కొన్నా, కట్టినా ఆ పని వృథా పోదు. స్టార్టప్‌ను ఇంకెవరికైనా అమ్మబోతే 30 రోజులు ముందు తమకు చెప్పాలన్న షరతు ఒప్పందంలో పెట్టారు. ముందే కొనే హక్కు అడిగితే స్టార్టప్ ఒప్పుకోలేదు. అది సబబే, ఆ హక్కు ఉంటే వేరేవాళ్లెవరూ వాళ్లకు సరైన ధర చెప్పరు.

కొనుగోలు ఫైలు మళ్లీ తెరవడానికి ఒక గీత గీశారు. ఫోన్ చేసి తేల్చుకున్న లెక్కలో నెలకు 25 ఒప్పందాలు వరసగా మూడు నెలలు పోతే తెరవాలి. 25 దగ్గర అదనపు డబ్బు మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. సీఆర్ఎంలో ఆ జాబితా తీసేసి ఖాళీ పెట్టె పెట్టారు. కస్టమర్ అన్న మాట ఉన్నదున్నట్టు టైప్ చేయకపోతే ఒప్పందం మూసేసే బటన్ పనిచేయదు. మొదటి వారమే ఒకరు అందులో 'చాట్' అని రాసి వదిలేశారు, కనీసం 40 అక్షరాలు ఉండాలని మరుసటి రోజు నియమం పెట్టాల్సివచ్చింది.